నేను రిజెక్ట్ చేసిన కొండదారి

ఈ ఉదయం డ్యూటీకి వెళ్తుంటే చొక్కా జేబులో ఎర్ర మార్కర్ కారింది. ఎడమ జేబు, సరిగ్గా గుండె మీద. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి "సాబ్, ఖూన్!" అని ఒక్క కేక పెట్టి తన కుర్చీ ఎత్తుకొచ్చాడు. ఇది రక్తం కాదు నాయనా, సిరా అని నేను చెప్పేలోపే ఇద్దరు నన్ను కూర్చోబెట్టారు, మూడోవాడు నా కాళ్లు పైకెత్తి పట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ రెండు నిమిషాలూ హాయిగానే ఉంది. ఈ మధ్య నా కాళ్లను నేల మీదినుంచి ఎత్తే బాధ్యత ఇంకొకరు తీసుకున్నది అదే మొదటిసారి. సంగతి తెలిసి అందరూ నవ్వి వెళ్లిపోయాక, ఆ మరకను చూసుకుంటూ అక్కడే ఇంకాసేపు కూర్చున్నాను. వేసవి ఇంకా సగం కూడా కాలేదు. మా వైపు వేసవి, వేసట అని రెండు మాటలున్నాయి గాని, ఒమాన్‌లో ఈ రుసైల్‌లో ఈ రెంటికీ ఒక్క మాట చాలు.

మార్కర్ లేకుండా నన్ను ఊహించుకోవడం కష్టం. కంపెనీలో నా పని క్వాలిటీ చూడటం. గోడ కట్టినా, దిమ్మె పోసినా, నేను వెళ్లి, చూసి, గీత పెట్టాలి. తెల్ల గీత పెడితే పాస్. పసుపు పెడితే మరమ్మతు. ఎరుపు పెడితే రిజెక్ట్, పగలగొట్టి మళ్లీ కట్టాల్సిందే. ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నది ఇంతే. చిన్నప్పుడు డ్రాయింగు మాస్టారు నీకు గీత గీయడం కూడా రాదురా అన్నారు. ఆ గీతతోనే బతుకు గీత గీసుకొచ్చానని ఆయనకు చెప్పే అవకాశం రాలేదు.

ఈ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేను పెట్టిన మొదటి ఎర్ర గీత ఒక పెద్ద మేస్త్రి గోడ మీద. జగిత్యాల వైపు మనిషి, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, అప్పటికే సైట్లో ఆయన మాటంటే మాటే. నేను కొత్త ప్యాంటు, కొత్త బూట్లు, కొత్త లెవెల్ పట్టుకుని వెళ్లి గోడకు ఆనించాను. లెవెల్‌లో మట్టం చూపే బుడగ పక్కకు జరిగింది. గోడ వంకర అని, పదిమంది చూస్తుండగా, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎర్రగా ఒక ఇంటూ గుర్తు వేశాను. ఆయన నన్ను చూశాడు, గోడను చూశాడు, సుత్తి తెమ్మన్నాడు. మర్నాడు పొద్దున కొత్త గోడ కట్టి, తనే వచ్చి పిలిచాడు. "పాసా సార్, రిజెక్టా?" అప్పటినుంచి పదహారేళ్లు ఆయన ఏది కట్టినా అదే ప్రశ్న. సాయంత్రం టీ పెట్టి గ్లాసు చేతికిచ్చినా అదే ప్రశ్న. క్యాంపులో ఆయన రూమూ నా రూమూ పక్కపక్కన. ఆయన నన్ను 'సార్' అనీ 'నువ్వు' అనీ ఒకే వాక్యంలో అనేవాడు, నేను మీరు మీరు అంటూనే ఆయన టీ కోసం రోజూ తలుపు దగ్గర తచ్చాడేవాణ్ణి.

కొన్నేళ్ల క్రితం, బక్రీద్ సెలవులు నడివేసవిలో పడ్డ ఏడాది, ఆయన రెన్యువల్ కాగితం వచ్చింది. అరవైకి దగ్గర పడ్డాడు. కంపెనీ ఇంకో రెండేళ్లు ఉండమంది. ఇంటినుంచి ఆయన భార్య ఫోనులో, వస్తవా రావా ఏదో ఒకటి తేల్చుమంది. సంతకం పెట్టాల్సిన చోట ఆయన వారం రోజులు టీ గ్లాసు పెట్టాడు. కాగితం మీద గుండ్రంగా మరకలు పడ్డాయి గాని సంతకం పడలేదు.

"పొయ్యి ఏం జేయాలె సార్?" అన్నాడు ఒక సాయంత్రం. "రెండేండ్లకొక్కసారి పోత. పోయినకాడ సుట్టం లెక్క గూసుంట. మొన్న పోయినప్పుడు చాయ పెడ్దామని లేసిన. మా ఇంట్ల చక్కెర డబ్బ యాడుంటదో నాకు ఎర్కలే. అడిగితె నవ్వుతరని అడగలే. చక్కెర లేకుంటనే తాగిన."

ఆయన ఉండిపోవాలనే నాకుంది. ఆయన కోసం కాదు, నా కోసమే. మా ఆవిడా పిల్లలూ రాజమండ్రిలో, నేనిక్కడ. సాయంత్రం ఐదున్నరకు గోడకవతల గిన్నె చప్పుడు వినిపిస్తే ఆ రోజు గడిచినట్టు. అది లేకపోతే ఎలా గడుస్తుందో ఆలోచించడానికి కూడా బద్ధకంగా ఉండేది.

చివరికి తేల్చుకునే మార్గం ఆయనే కనిపెట్టాడు. సూర్ వైపు సైట్లో పనిచేసినప్పుడు ఎవరో ఫోటో చూపించారట, సముద్రం పక్క కొండల మీద రాతి గోపురాలు. ఎవరో వేల ఏళ్ల కిందటి మనుషుల సమాధులు. "సిమెంట్ లేదు, సున్నం లేదు, ఉత్త రాళ్లు. ఇంకా నిలవడ్డయట. అవి సూడకుంట పోతె నేనేం మేస్త్రిని? కొండ ఎక్కుత సార్. ఎవల చెయ్యి వట్టకుంట ఎక్కితె రెండేండ్లు ఉంట. వట్టుకుంటె ఇంటికి వోత. గంతే."

అలా సెలవు రోజు తెల్లారకముందే నలుగురం బయల్దేరాం. మేస్త్రి, నేను, మత్రా బజారులో ఓ కొట్టుకు వ్యాను నడిపే కడప తమ్ముడు, వాళ్లక్క. అక్క ఒక పెద్దింట్లో ఏళ్ల తరబడి వంట చేస్తోంది. ఆ ఇంటి యజమానురాలు ఊరెళ్లడంతో ఆమెకు రెండు రోజులు సెలవు దొరికింది. విశ్రాంతిగా పడుకోక కొండకెందుకమ్మా అంటే, "పండుకుంటే ఎవురన్నా పిలుస్తారేమోనని భయం సార్, కొండమింద అయితే ఎవురూ పిలవరు గదా" అంది. ఆమె చిత్రాన్నం, ఊరుబిండి పచ్చడి తెచ్చింది. మేస్త్రి సర్వపిండి కాల్చి తెచ్చాడు. గోదావరి జిల్లాల గౌరవం కోసం నేను ఆవకాయ జాడీ తెచ్చాను. నీళ్లు ఎవరు తెస్తారన్నది వ్యానెక్కాక గుర్తొచ్చింది. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి కొన్నాం.

కొండ అడుగున ఊరి చివర తారు రోడ్డు అయిపోయింది. పైకి మట్టి బాట ఒకటుంది గాని, అది నాలుగు చక్రాలూ తోసే బండ్లకే. కొట్టువాళ్ల వ్యానుతో ఎక్కితే రేపు ఉద్యోగం ఉండదన్నాడు తమ్ముడు. పక్కనే కాలిదారి ఉందని ఎవరో చెప్పగా నడక మొదలుపెట్టాం. నేను కొండెక్కుతున్నానని ఇంటికి ఫోను చేసి చెప్పలేదు. మా వైపు ఆరిపోయిన దీపాన్ని కొండెక్కిందంటారు, పొద్దున్నే మా ఆవిణ్ణి కంగారు పెట్టడం ఎందుకని.

యాభై అడుగులు వేశామో లేదో, ఒక బండ మీద పెయింటు కనపడింది. చేతి వెడల్పు చారలు మూడు, తెలుపు, పసుపు, ఎరుపు. ఇంకో పాతిక అడుగుల్లో ఇంకో బండ మీద అవే మూడు. మేస్త్రి ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. ఏళ్ల తరబడి సైట్లో బతికినవాడికి రాయి మీద ఎర్ర గీత కనిపిస్తే కాలు దానంతటదే వెనక్కి వస్తుంది.

"ఏంది సార్ ఇది, మూడు కలర్లు గొట్టిండ్రు?" అన్నాడాయన.

నా శాఖకు సంబంధించిన విషయం కదా, గొంతు సవరించుకున్నాను. "ముందు పాస్ చేశారండీ. తర్వాత అనుమానం వచ్చి మరమ్మతు అన్నారు. ఆఖరికి రిజెక్ట్ చేశారు. అంటే ఈ రాళ్లు కదులుతున్నాయన్నమాట. వీటి మీద కాలు పెట్టకండి. అసలు వీటి దరిదాపులకే వద్దు."

ముగ్గురూ బుద్ధిగా తలూపారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా మాట అంత శ్రద్ధగా విన్న బృందం ఇంకోటి లేదు. గీతలున్న ప్రతి రాయినీ తప్పించుకుంటూ, కుడికి కుడికి జరుగుతూ వెళ్లాం. గీతలు ఎడంగా పోయాయి, తర్వాత కనపడటం మానేశాయి. ఇక్కడన్నీ గట్టి రాళ్లే ఉన్నట్టున్నాయి అని నేను తృప్తిగా అన్నాను. మరో గంటకి ఒక లోయ సందులో ఉన్నాం. కాలు పెడితే జారే గులకరాళ్లు, రెండు వైపులా వేడి కక్కే గోడలు, పైన పెనం లాంటి ఆకాశం. మూడడుగులు ఎక్కితే రెండడుగులు జారి కిందకి. తమ్ముడు చెప్పులు చేత్తో పట్టుకున్నాడు, వెంటనే మళ్లీ వేసుకున్నాడు. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మేస్త్రి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఎక్కుతున్నాడు. పొరపాటున కూడా ఎవరి చెయ్యీ తగలకూడదని.

"సారూ," అంది అక్క ఒక బండ నీడలో కూలబడి, "నువ్వు పాస్ చేసిన దోవ ఇట్లుంటే, నువ్వు రిజెక్ట్ చేసిన దోవలో బస్సులు తిరుగుతాంటాయేమో."

నేను సీసా ఎత్తి నీళ్లు తాగాను. అప్పుడు మేకల గంటలు వినిపించాయి. సందు పైనుంచి ఒక ముసలి ఒమానీ కాపరి తొంగి చూసి, చాలాసేపు మమ్మల్ని అలా చూస్తూనే ఉన్నాడు. మేక దారి తప్పితే తిడతాడు, మనుషులు తప్పితే ఏం చెయ్యాలో తెలియనట్టు. తర్వాత దిగి వచ్చి, ఇటెందుకొచ్చారు సదీక్, దోస్త్ అని వచ్చీరాని హిందీలో అడిగాడు. నేను నా మూడు రంగుల సిద్ధాంతాన్ని నాకొచ్చిన అరబ్బీ, హిందీ కలిపి, చేతులతో కూడా వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు. మమ్మల్ని ఆ సందులోంచి పక్కకు నడిపించి, ఒక గట్టు ఎక్కించి, గీతలున్న రాయి ఒకటి చూపించి, దాని మీద అరచేత్తో కొట్టాడు. "హాదా తరీక్! యహీ రాస్తా!" అదే దారి. గీతలున్న రాళ్లే దారి. నడిచేవాళ్లు తప్పిపోకుండా వేసిన గుర్తులు. పదహారేళ్ల అనుభవంతో నేను తప్పించినది దారినే.

నన్నేమైనా అనే ఓపిక ఎవరికీ లేదు. కాపరి మేస్త్రి కాళ్ల వణుకు చూసి తన కర్ర ఇవ్వబోయాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"కర్ర చెయ్యి కాదులే అన్నా, పట్టుకో," అంది అక్క.

"కర్ర గూడ ఇంకొకని చేతిదే గదమ్మా," అని ఆయన నడిచాడు. ఆఖరి మెట్టు లాంటి బండ దగ్గర మాత్రం వంగి, నాలుగు కాళ్ల మీద పాకి ఎక్కాడు. "నీ చేతులు నువ్వే పట్టుకుంటే లెక్కలేకి రాదు!" అని కింద నుంచి ఆమె అరిచింది. ఆయన పైకి వెళ్లి, లేచి నిలబడి, చొక్కా దులుపుకున్నాడు. ఎవరి చెయ్యీ పట్టలేదు. నాకు కొండెక్కిన సంతోషం కంటే, ఇంకో రెండేళ్లు గోడవతల గిన్నె చప్పుడు ఉంటుందన్న సంతోషమే ఎక్కువైంది.

పైన గాలి ఉంది. మట్టి రంగు మైదానం, దాని అంచు వెంట గోపురాలు, ఒకటి ఇక్కడ, రెండు అక్కడ, దూరంగా ఇంకోటి. మనిషికి రెండింతలకు పైన ఎత్తు. గుండ్రంగా లేచి, పైకి పోయేకొద్దీ కొంచెం లోపలికి వాలి, అడుగున పాకి వెళ్లేంత ద్వారం. కొన్ని సగం కూలి ఉన్నాయి. వాటిని కట్టినవాళ్ల పేర్లూ తెలియవు, లోపల పడుకున్నవాళ్ల పేర్లూ తెలియవు. ద్వారంలోంచి తొంగి చూడబోయిన తమ్ముణ్ణి అక్క చెవి పట్టి లాగింది. "ఒరే అబ్బీ, ఎవురిదో నిద్ర, చెడగొట్టొద్దు. మనకే లేదు, వాళ్లకన్నా ఉండనీ."

మేము నీడలో చిత్రాన్నం విప్పాం. మేస్త్రి తినలేదు. ఒక గోపురం చుట్టూ తిరుగుతున్నాడు, రాళ్లను తాకకుండా, అరచేతిని జానెడు దూరంలో ఉంచి, వేడి చూస్తున్నట్టు. రెండు చుట్లు తిరిగాక నన్ను పిలిచాడు. "సూడు సార్. ప్రతి వరుసల పై రాయి కింది రెండు రాళ్ల నడుమ వడ్డది. జోడు మీద జోడు, అంటె అతుకు మీద అతుకు, వడలే. ముందల పక్క రాయిని గుండ్రంగ చెక్కిండ్రు. మంచి మేస్త్రి." ఇంకొంచెం జరిగి, నడుం ఎత్తున ఒకచోట వేలు చూపించి నవ్వాడు. "గీడ మాత్రం తప్పు జేసిండు. జోడు మీద జోడు వడ్డది. తిండి యాళ్లయి ఉంటది." చూస్తే నిజమే. ఆ చిన్న తప్పు మీద అన్ని వరుసలూ నిలబడే ఉన్నాయి. "నువ్వున్నుంటె గీత గొట్టెటోనివి," అన్నాడు. ఆ తర్వాత వచ్చి కూర్చుని, చిత్రాన్నం, సర్వపిండి, నా ఆవకాయ అన్నీ కలిపి తిని, గోపురం నీడలో కళ్లు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. నీడ జరిగేకొద్దీ నిద్రలోనే జరుగుతూ, నలుగురం గడియారం ముల్లులా ఆ సమాధి చుట్టూ తిరిగాం.

ఎండ కాస్త దిగాక దిగడం మొదలుపెట్టాం, ఈసారి గీతల వెంట. దారి ఎంత తిన్నగా ఉందో చూస్తే సిగ్గేసింది. అక్కాతమ్ముళ్లు మాటల్లో పడి చాలా ముందుకు వెళ్లిపోయారు. దిగడం తేలికనుకుంటాం గాని, ఎక్కడానికి ఊపిరి చాలు, దిగడానికి మోకాళ్లు కావాలి. ఒక మలుపులో మేస్త్రి ఆగిపోయాడు. ముందు తొడ ఎత్తు దిగాల్సిన బండ. కుడి కాలు చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాపాడు. ఆ కాలు గాలిలో వణుకుతూ ఉండిపోయింది. నేను ఆయన ముందు వంగి, ముడి ఊడని బూటు లేసు మళ్లీ కట్టుకున్నాను. లేచేటప్పుడు నా భుజం మీద బరువు పడింది. ఆయన చెయ్యి. అరచేతినిండా సిమెంటు కాయలు, చొక్కాలోంచి కూడా తెలుస్తున్నాయి.

అలాగే నడిచాం, నేను ముందు, ఆయన వెనక.

"సార్, ఒక మాట," అన్నాడు కొంతసేపటికి. "మొదట్ల నా గోడకు ఎర్ర గీత వెట్టినవ్ సూడు. అది వంకర లేకుండె."

నాకు చెమట పట్టే చోటు ఇంకా మిగిలి ఉందని అప్పుడే తెలిసింది. ఎందుకంటే ఆ సంగతి నాకూ తెలుసు. ఆ గోడ పగలగొట్టిన మూడో రోజున, నా లెవెల్‌ను నా సొంత బల్ల మీద పెట్టి, తిప్పి పెట్టి చూశాను. బుడగ రెండు వైపులా రెండు మాటలు చెప్పింది. బస్సులో కింద పడేసినప్పుడు దెబ్బ తిన్నట్టుంది. కొత్త లెవెల్ తీసుకున్నాను గాని, పదహారేళ్లూ ఆయనకు చెప్పలేదు.

"మీకు తెలుసా?"

"గప్పుడే ఎర్కయింది. నీ లెవెలే వంకర ఉండె."

"మరెందుకు పగలగొట్టారండీ?"

"కొత్తగ వచ్చినవ్. అందరి ముంగట నీ లెవెల్ వంకర అంటె, ఇగ ఎవ్వడన్న నీ మాట ఇంటడా?" భుజం మీద చెయ్యి కాస్త బిగిసింది, మెట్టు వచ్చింది కాబట్టి. "గోడదేముంది సార్, మల్ల గట్టచ్చు."

వ్యాను కనపడే మలుపు దగ్గర ఆ చెయ్యి తీసేశాడు. వెనక్కి కట్టుకున్నాడు. కింద అక్క ఎదురొచ్చి చప్పట్లు కొట్టింది. "అన్న గెలిచినాడు! ఇంకా రెండేండ్లు మన కొంపలంటించడానికి ఈడనే ఉంటాడు!" మేస్త్రి నవ్వాడు. నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

సెలవులైన మర్నాడు సాయంత్రం ఆయన టీ తెచ్చాడు, కాగితమూ తెచ్చాడు. రెండూ నా బల్ల మీద పెట్టాడు. "అక్క పాస్ అన్నది. నువ్వు జెప్పు సార్. పాసా, రిజెక్టా?" గ్లాసు చేతికిచ్చి అన్నాడు, "ఈసారి లెవెల్ మంచిగ సూస్కొని జెప్పు."

దిగేటప్పుడు ఆయన చెయ్యి పట్టిన సంగతి చూసింది నేనొక్కణ్ణే. షరతు ఎక్కడం గురించే గాని దిగడం గురించి కాదని అనొచ్చు, అది అబద్ధం కూడా కాదు. ఆ మాట నాలుక మీదకు వచ్చింది కూడా. టీ ఒక గుక్క తాగాను. చక్కెర సరిపోయింది. ఈయనకు ఇక్కడ చక్కెర డబ్బా ఎక్కడుందో తెలుసు, చీకట్లో కూడా చెయ్యి దాని మీదకే పోతుంది.

"కొండంటే ఎక్కడమూ దిగడమూ రెండూనండీ, మేస్త్రీ," అన్నాను.

ఆయన తల ఊపాడు. "నేను గూడ గట్లనే అనుకున్న," అని కాగితం నా వైపు జరిపాడు. "గీత వెట్టు."

పెట్టాను. ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఎర్రగా. ఆయన దాన్ని వెలుగులో పట్టి చూశాడు. "గీత వంకరొచ్చింది సార్," అన్నాడు.

ఆఫీసులో గుమాస్తా ఫారం ఎవరు పాడు చేశారని గొడవ చేశాడు. క్వాలిటీ డిపార్టుమెంటు అని చెప్పాను. లోపం ఏమిటన్నాడు. లోపం లేదు, వాడకం ఎక్కువైంది అన్నాను. మేస్త్రి వెళ్లిన రోజు ఎయిర్‌పోర్టుకు తమ్ముడి వ్యానులోనే తీసుకెళ్లాం. అక్క ఊరుబిండి డబ్బా కట్టిచ్చింది. తిరిగొచ్చాక ఐదున్నరకు గోడ అవతల చప్పుడు లేదు. నేనే టీ పెట్టుకున్నాను. పాస్ చేయదగ్గ టీ కాదు.

నెల తర్వాత ఫోనులో ఆయన గొంతు వచ్చింది, పది సెకన్ల సందేశం. వెనక ఎవరో ఆడమనిషి నవ్వుతోంది. "సార్, చక్కెర డబ్బ దొర్కింది. చీమలొస్తున్నయని ఆమె ఏడాదికోపాలి జాగ మారుస్తదట. గందుకే ఎర్కకాలే." అంతే. ఎన్నిసార్లు విన్నానో చెప్పను.

ఇప్పుడు నా సొరుగులో ఒక కాగితం ఉంది. నాకూ రెండేళ్లు ఇస్తామంటున్నారు. దాని మీద టీ మరకలు మూడున్నాయి, సంతకం లేదు. నా మోకాళ్లను మళ్లీ ఏ కొండకూ తీసుకెళ్లలేదు, ఏమంటాయోనని. గీత పెట్టమని ఎవరినైనా అడుగుదామంటే, ఆ పక్క రూములో ఇప్పుడున్న కుర్రాడు టీ తాగడు. సాయంత్రం వచ్చాక చొక్కా రెండుసార్లు ఉతికాను, గుండె మీది మరక పోలేదు. ఆ కొండ మీద నడుం ఎత్తున, జోడు మీద జోడు పడిన ఆ వరుసను కాలం ఇన్ని వేల ఏళ్లుగా రోజూ చూస్తూనే ఉంది, ఇంకా ఎర్ర గీత పెట్టలేదు. కాలానికి తొందరేమీ లేదు. తొందరంతా మన మోకాళ్లదే.